నూరు పూసల సీసా

విడవలూరు,
11-2-2025, మంగళవారం.

తమ్ముడు ఆఫ్తాబ్‌కు,

అస్సలాము అలైకుం. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగుండాలని ఐదు పూటలా నమాజులో అడుగుతున్నాను.

ఫోన్లో నీ మాట నాకు సగమే అందుతుంది. నా కుడిచెవి సంగతి నీకు తెలుసు. అందుకే పెట్టెలో సీసాలతో పాటు ఈ కాగితం పెడుతున్నాను. నువ్వు జనవరిలో నేర్పి వెళ్ళిన పని ఎలా చేస్తున్నానో తెలియాలంటే ఒక్క రోజుది రాస్తే చాలు. నిన్నటి పొద్దుది రాస్తాను.

ఫజర్ నమాజు అయ్యాక అమ్మకు టీ ఇచ్చాను. మీ బావ బండి తీశారు. దోవంతా మంచు. వరిమళ్ళు దాటి, రొయ్యల గుంటలు దాటి, ఉప్పుమళ్ళు చేరేసరికి తూర్పు తెల్లబడింది. పెంచలయ్య అప్పటికే మడిలో దిగి ఉప్పు లాగుతున్నాడు. మీ బావ ఆయన దగ్గర మేస్త్రీగా చేరి ఇరవై ఏళ్ళయిందట, ఇద్దరూ లెక్క వేసుకుని నవ్వుకున్నారు. నన్ను చూసి పెంచలయ్య అన్నాడు: "ఏమ్మా ముంతాజమ్మా, మీ తమ్ముడి బ్యాటరీ పండిందా? ఇన్నేళ్ళూ ఈ చేదునీళ్ళు కాలవకి వదిలినానే, ఎన్ని ఫోన్లు పారబోసినానో!"

కొట్టంలో నీ పూసల సీసా ఉంది. ముందురోజు పోసిన చేదునీళ్ళు, అదే, ఉప్పు తీసేశాక మడిలో మిగిలే ఆ జిడ్డునీళ్ళు, గుడ్డ అడ్డం పెట్టి వంచాను. పలచటి యాసిడ్ పోసి రెండు గంటలు ఉంచాను. పూసలు పట్టుకున్న లిథియం ఆ యాసిడ్లోకి దిగుతుందన్నావు కదా, దాన్ని చిన్న సీసాకెత్తాను. పూసల్ని మంచినీళ్ళతో మూడుసార్లు కడిగాను.

సోమవారం కాబట్టి లెక్క. తెల్లగుడ్డ పరిచి, ఒక్కో పూసా పక్కకు జరుపుతూ, ఒక్కోదానికి ఒక సుబ్‌హానల్లా అనుకుంటూ లెక్కపెట్టాను. సీసాకు నూరు పూసలని నువ్వు చెప్పిన రోజే అనుకున్నాను, తొంభై తొమ్మిదీ, పైన ఇమాము పూస ఒకటీ, నాయన దుకాణంలో జపానికి కట్టే తస్బీ లెక్కే అని. నిన్న తొంభై ఆరు నిలిచాయి, నాలుగు పగిలాయి. నాయన దుకాణంలో ఏం చేసేవాడో అదే చేశాను. పగిలినవి తీసేసి, నేను చేసి ఉంచిన కొత్తవి వేసి నూరు నింపాను. వారం వారం అంతే చేస్తున్నాను. పూస తక్కువైన తస్బీ మనిషి చేతికి ఇవ్వకూడదనేవాడు కదా. పగిలినవి నామం పలికిన పూసలు, కాలవలో వేయలేను. ఏ వారానివి ఆ వారం పొట్లం కట్టి, తేదీ వేసి, బిస్కెట్ డబ్బాలో ఉంచాను. రంజాన్ పండగకు నాయన లాగే మైపాడు సముద్రంలో కలుపుతాను.

అమ్మను పోయిన గురువారం మోకాలికి నెల్లూరు తీసుకెళ్ళాం. నీరు తీశారు. ఇప్పుడు బాత్‌రూముకు తనే నడుస్తోంది.

లెక్క: 20-1న నూరు. 27-1న నూరు. 3-2న నూరు. 10-2న నూరు.

దువాలతో,
అక్క ముంతాజ్.


చెన్నై,
20-2-2025.

అక్కా,

అలైకుం సలాం. పెట్టె భద్రంగా చేరింది. లెక్క చూసి కుర్చీలోంచి లేచినాను. నాలుగు వారాలు, నాలుగు నూర్లు! నువ్వు నమ్మవు, ల్యాబులో పూసలకు అదే నల్లపొడి, అదే సముద్రపు పాచి జిగురు, అదే కొలత. మాకు నాలుగు వారాలకు నూటికి ముప్పై ఎనిమిది పోయినాయి.

ఉషారాణి మేడం మా ప్రాజెక్టుకు పెద్ద. కళ్ళద్దాలు తీసి నీ కాగితం చివరి వరస రెండుసార్లు చూసింది. "మీ అక్క ఏం చదివిందయ్యా?" అనింది. ఎనిమిదో తరగతి అని చెప్పినా. "మీకు పీహెచ్‌డీలు ఎందుకు ఇచ్చినారో" అనింది మా అందరి మొహాలూ చూసి.

ఎందుకింత సంబరమో చెప్తా. లిథియాన్ని పట్టేది ఆ పొడే. కానీ పొడిని పొడిగా నీళ్ళల్లో వేస్తే బురదైపోతాది. గొట్టంలో పోస్తే నీళ్ళు దిగవు, దిగినా పొడి కొట్టుకుపోతాది. అందుకే పూస కట్టేది. జిగురు ఎక్కువైతే పూస గట్టిగా ఉంటాది గానీ లోపలి పొడికి నీళ్ళు అందవు. తక్కువైతే ఉప్పుకీ యాసిడ్‌కీ ఉబ్బి, ముడుచుకుని పగిలిపోతాది. మూడేళ్ళుగా ఈడనే చిక్కుకుని ఉండాం.

ఒక్క మాట చెప్పు అక్కా. నువ్వు ప్రత్యేకంగా ఏం చేసినావు?

అమ్మను మోకాలికి నెల్లూరు తీసుకెళ్ళినారా? అశ్రద్ధ చేయొద్దు. నేను పండక్కి రాలేనేమో, పని అట్టుండాది.

నీ
ఆఫ్తాబ్.


విడవలూరు,
27-2-2025.

తమ్ముడు ఆఫ్తాబ్‌కు సలాం.

నీ ఉత్తరం అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మోకాలి సంగతి పోయినసారే రాశాను. పనిలో మర్చిపోయి ఉంటావు. నొప్పి తగ్గింది.

ప్రత్యేకం ఏమీ లేదు. నాయన పద్ధతే. నువ్వు పూసల్ని ఎండలో ఆరబెట్టమన్నావు. గులాబీ రేకుల ముద్దతో తస్బీ పూసలు చేసినప్పుడు నాయన వాటిని ఎండ చూడనిచ్చేవాడు కాదు. తడిగుడ్డ కప్పి, నీడలో, రెండు రోజులు. నేనూ అలాగే ఆరబెట్టాను. నీకు చెప్పకుండా మార్చాను, ఏమనుకోకు. మిగతాదంతా పోయిన కాగితంలో రాసిందే.

మీ బావకు నీ మేడం గారి మాట చెబితే, "ఇన్నాళ్ళూ ఇంట్లో సైంటిస్టును పెట్టుకుని అంట్లు తోమించినానా?" అన్నారు. పెంచలయ్య అయితే నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఎగతాళికి.

నలుగురూ అనే మాటలు వింటే సంతోషంగానే ఉంది. అయినా నా చేతికి ఇంత పేరు రావడం నాకు అలవాటు లేదు. నాయన చేసి చూపింది చేశాను, అంతే.

మూడో తేదీలోపు రంజాన్ మొదలవుతుంది. ఉపవాసంలో కూడా పని ఆపను. పొద్దున్నే వెళ్ళి ఎండెక్కక ముందే వచ్చేస్తాం.

లెక్క: 17-2న నూరు. 24-2న నూరు.

అక్క.


చెన్నై,
11-3-2025.

అక్కా,

సలాం. రోజాలు ఎట్లా గడుస్తున్నాయి? నేను క్యాంటీన్లో ఖర్జూరం ఒకటి దాచుకుని సాయంత్రం ఆరున్నరకు తింటుండా.

నీడపద్ధతి గురించి చదివి మేడం బల్ల మీద అరచేత్తో కొట్టింది. వేడికి పూస పైన తోలు ముందే బిగుసుకుంటాది, లోపల తడి ఉండిపోతాది, అదే పగులు. మేం ఓవెన్లో ఆరబెడుతున్నాం. మూడేళ్ళు! నీడలో తడిగుడ్డ కప్పాలని ఒక్కరికీ తట్టలేదు.

రిపోర్టులో దానికి పేరు పెట్టినా: హుస్సేన్ సాహెబ్ నీడపద్ధతి. నాయన పేరు టైపు చేసి అక్షరం అక్షరం సరిచూసుకున్నా.

ఏప్రిల్ 21న పెద్దల ముందు మేడం దీన్ని చూపిస్తుంది. నా కాంట్రాక్టు మే నెలతో అయిపోతాది. ఇది నిలబడితే పొడిగిస్తారు. వాళ్ళు చూసేది ఒక్కటే అక్కా: వేసిన నూరులో ఎన్ని పగిలినాయి. లిథియం ఎంత దిగింది అన్నది తర్వాతి మాట. వారం వారం ఎన్ని పూసలు పోతే, ఈ పని అంత తొందరగా చచ్చినట్టు. నీ సీసాలో ఒక్కటీ పోలేదు. ఆరు వారాలకు ఇట్లాంటి అంకె మేం ఎక్కడా చూడలేదు.

అందుకే ఈసారి సీసా కాదు, మనిషెత్తు గొట్టం పెడదామంటున్నారు, మన ఉప్పుమళ్ళ దగ్గరే. చేదునీళ్ళు చాలా కావాలి. బావకు ఫోన్ చేసి చెప్పినా. పెంచలయ్య రెండు మళ్ళల్లో ఈ సీజను ఉప్పు తీయకుండా నీళ్ళు అట్నే మగ్గనిస్తానన్నాడంట. ఆయన మంచితనం మర్చిపోకూడదు.

నీ
ఆఫ్తాబ్.


విడవలూరు,
18-3-2025.

ఆఫ్తాబ్‌కు,

సలాం. ఈ రోజు పదిహేడో రోజా.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు.

ఒక మాట అడుగుతాను. ఆ నూరు అన్న మాట మేడం గారికి ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఆగు. ఇచ్చి ఉంటే, పెద్దల ముందు పెట్టకముందు ఇంకోసారి నన్ను అడుగు. ఎందుకని ఇప్పుడు అడగొద్దు. రాయాల్సింది ఒకటుంది. మూడు రోజులుగా కాగితం తీస్తున్నాను, మడిచి పెడుతున్నాను.

నిన్న మళ్ళకు వెళ్ళాను. పెంచలయ్య ఆ రెండు మళ్ళ గట్లు ఎత్తు చేసి ఉంచాడు. "నీ కోసమేనమ్మా, నిండుగా కట్టినా" అన్నాడు. నేను ఆయన మొహం చూడలేదు.

అమ్మ ఇఫ్తార్‌కు వచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది, మా పెద్దది చేసిన పూస ఒక్కటీ పగల్లేదంట అని. వినీ విననట్టు లోపలికి వెళ్ళి గిన్నెలు సర్దుతున్నాను. నమాజులో నిలబడితే సూరా మధ్యలో మాట తప్పుతోంది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ ఇలా కాలేదు.

లెక్క: 3-3న నూరు. 10-3న నూరు. 17-3న

అక్క.


చెన్నై,
28-3-2025.

అక్కా,

పండగ ముందే వస్తున్న సలాం, ముబారక్.

నువ్వు ఆగమన్నది ఎందుకో నాకు అర్థమైంది. నాలుగు రోజులు ఆలోచిస్తే తట్టింది. నాయన పేరు పెట్టినా, నీ పేరు పెట్టలేదు. చేసింది నువ్వు. నిజం చెప్తా, రిపోర్టులో నిన్ను "స్థానిక సహాయకురాలు" అని రాసినా. పేరు రాస్తే ఎవరు, ఏం చదివింది అని అడుగుతారని జంకినా. ఎనిమిదో తరగతి అని మేడంతో నవ్వుతా చెప్పినవాడినే, కాగితం మీద రాయడానికి సిగ్గుపడినా. ఇది నీకు ఎట్లా తెలిసిందో గానీ, నువ్వు కోపంతో ఆగమనడం న్యాయమే. ఇప్పుడు మార్చినా. షేక్ ముంతాజ్, విడవలూరు, అని నా పేరు కంటే పైనే ఉండాది.

రోజాల అలసటలో 17వ తేదీ లెక్క రాయడం మర్చిపోయినావు. ఫర్వాలేదు, నేనే నూరు వేసినా. మేడంకి తొమ్మిది వారాలూ ఇచ్చేసినా.

కొత్త చీర కొనుక్కో అక్కా. ఈ పండగ నీది.

నీ
ఆఫ్తాబ్.


విడవలూరు,
3-4-2025.

తమ్ముడికి,

నాకు నీ మీద కోపం లేదు. పేరు సంగతి నాకు తెలియనే తెలియదు. నా పేరు తీసెయ్యి. ఎందుకో చదువు.

పూసలు పగిలాయి. మొదటి వారం నుంచీ పగిలాయి. నేను వారం వారం వాటిని తీసేసి, కొత్తవి వేసి, నూరు అని రాశాను. దాచాలని కాదు. తస్బీలో పూస పగిలితే కొత్తది వేసి లెక్క నింపి ఇవ్వడమే పనితనమని చిన్నప్పటి నుంచీ చూశాను. నీ సీసా కూడా నిండుగా ఉండాలనుకున్నాను. పగిలినవి లెక్కపెట్టడమే నీ పరీక్ష అని నీ మార్చి ఉత్తరం చదివే దాకా నాకు తెలియదు.

అది తెలియక చేసిన తప్పు. తెలిశాక చేసింది వేరు. మార్చి 14న తెలిసింది. ఈ రోజు ఏప్రిల్ 3. ఇరవై రోజులు నోరు మెదపలేదు. నువ్వు సంతోషంగా ఉన్నావు, అమ్మ సంతోషంగా ఉంది, నాయన పేరు పుస్తకంలోకి ఎక్కుతోంది. అవన్నీ సాకులు. నిజం ఏమిటంటే, పెద్దదాన్ని, నమాజు తప్పనిదాన్ని, తప్పు చేశానని చెప్పుకోవడానికి నాకు నామోషీ అయింది. 17న తొంభై నాలుగు నిలిచాయి. నింపలేదు. అబద్ధం రాయడానికి చేయి రాలేదు, నిజం రాయడానికీ రాలేదు. ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీ నీ చేత నింపించింది. 24న ఎనభై ఏడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పండగనాటి సాయంత్రం పొట్లాల డబ్బా తీసుకుని మీ బావతో మైపాడు వెళ్ళాను. ప్రతి ఏడూ నాయన చేసినట్టే కలిపి వద్దామని బయల్దేరాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మూత తీశాక తెలిసింది, నేను అలవాటు కోసం రాలేదని. ఇవి నీళ్ళలో కలిసిపోతే ఇంక ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన ముందే వచ్చి, దానికి ఆచారాన్ని తోడు తెచ్చుకున్నాను. పండగ పూట, కొత్త చీరలో. అల్లా చూస్తుండగా అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. మూత పెట్టేశాను. "ఏమైంది?" అన్నారు మీ బావ. దారిలో అంతా చెప్పాను.

డబ్బా నా దగ్గరే ఉంది. తొమ్మిది వారాల పొట్లాలు, ఒక్కోదాని మీద తేదీ. 24వ తేదీది పదోది.

అక్క.


చెన్నై,
8-4-2025.

అక్కా,

చదివినాను.

నీకు తెలియదనేది నేను ఒప్పుకుంటా. ఇరవై రోజులు ఎట్లా ఊరకున్నావు? మేడం నా అంకెలు పట్టుకుని పదిమందికి ఫోన్లు చేసింది. ఇప్పుడు పోయి ఏమని చెప్పేది? మా అక్క సీసాను తస్బీ అనుకుని పూసలు నింపిందని చెప్పాలా? ఆ గదిలో నవ్వేది నిన్ను చూసి కాదు, నన్ను చూసి. పెంచలయ్య మళ్ళు అట్లా వదిలేసినాడు. ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

మొదటి వారమే ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది గదా. ఒక్క ముక్క!

ఇంక రాయలేను.

10-4-2025

ఈ కాగితం పోస్టు చేయలేదు. బల్ల మీదే ఉండాది.

నిన్న నీ లెక్కలన్నీ ఒకచోట పెడదామని సొరుగు లాగినాను. ఫిబ్రవరి 11 కాగితం కనబడింది. మడత సరిగ్గా విప్పను కూడా విప్పలేదు దాన్ని. చివరి వరస కనబడేటట్టు మడిచి క్లిప్పు పెట్టి ఉండాది. విప్పి చదివినాను.

మంచు, రొయ్యల గుంటలు, పెంచలయ్య ఎగతాళి. తొంభై ఆరు నిలిచినాయి, నాలుగు పగిలినాయి. కొత్తవి వేసి నింపాను. పొట్లం కట్టాను. అన్నీ రాసినావు అక్కా. ఒక్క ముక్క కాదు, పేజీ నిండా రాసినావు. అమ్మ మోకాలు కూడా. నేను మళ్ళా దాన్నే అడిగినా. పోయినసారే రాశానని నువ్వు చెప్పినా, అప్పుడన్నా తీసి చూడలేదు.

నువ్వు చదువుకోలేదని కాగితం మీద రాయడానికి సిగ్గుపడినవాడిని. చదువుకున్నవాడిని నేనే, చదవనివాడినీ నేనే. ఆ ఖాళీలో నూరు నింపినప్పుడు నాకు కనీసం నాయన అలవాటు అన్న సాకు కూడా లేదు.

పైన రాసింది చింపేద్దామనుకున్నా. చింపితే ఇంకో దొంగతనం అవుతాదని అట్నే పంపుతుండా. క్షమించమని అడగను.

ఏం చేయాలో తోచడం లేదు. 21వ తేదీకి పదకొండు రోజులు. రాజీనామా ఇచ్చి వచ్చేద్దామా అనిపిస్తాది. మేడంకి ఇంకా చెప్పలేదు. మీరంతా కూర్చుని చెప్పండి. మీరేది చెప్తే అది చేస్తా.

ఆఫ్తాబ్.


విడవలూరు,
15-4-2025, మంగళవారం.

ఆఫ్తాబ్‌కు,

అస్సలాము అలైకుం. నీ ఉత్తరం అందింది. పై సగం కూడా అమ్మకు చదివి వినిపించాను. నీ కోపం న్యాయమే. ఫిబ్రవరి కాగితంలో రాశానన్న మాట నేనూ మర్చిపోయాను. గుర్తున్నా దాని వెనక దాక్కునేదాన్ని కాదు. ఇరవై రోజులు ఇరవై రోజులే.

నిన్న అసర్ నమాజు తర్వాత అందరం కూర్చున్నాం. నెల్లూరు నుంచి చెల్లెలు వహీదా దుకాణం మూసి వచ్చింది. పెంచలయ్యను మీ బావే వెళ్ళి పిలుచుకొచ్చారు. బిస్కెట్ డబ్బా మధ్యలో పెట్టి మొదటి నుంచీ చెప్పాను.

వహీదా వెంటనే అంది: "పండగనాడే సముద్రంలో కలిపేసి ఉంటే పోయుండేది గదక్కా. పిల్లోడి ఉద్యోగం పోతాది ఇప్పుడు." మీ బావ, "నోరు ముయ్యి వహీదా, ఆ ఆలోచన మీ అక్కకి నీ కంటే ముందే వచ్చింది" అన్నారు. నిజమే కాబట్టి తల దించుకున్నాను.

పెంచలయ్య ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. అదే భరించలేకపోయాను. "మళ్ళు రెండూ చేదెక్కినాయమ్మా. ఇప్పుడు ఉప్పు దిగినా నోట్లో పెట్టలేం. పగిలినాయని మార్చిలో ఒక మాట చెప్పుంటే మళ్ళు మిగిలేవి" అన్నాడు. తప్పేనన్నాను. "సరేలే" అన్నాడు. టీ తాగకుండా కూర్చున్నాడు.

అప్పుడు అమ్మ డబ్బా ముందుకు లాక్కుంది. పొట్లాలు ఒక్కొక్కటీ చేత్తో తడిమింది. "ఇవి సముద్రంలో కలపడానికని ఎవరు చెప్పినారు నీకు?" అంది. నాయన అలా చేసేవాడు కదా అన్నాను. అమ్మ చెప్పింది విను.

నాకు ఐదారేళ్ళప్పుడట. ఒక ముసలామె తస్బీ బాగుకు ఇచ్చింది. నాయన పగిలిన పూస తీసేసి, కొత్తది వేసి, తేడా తెలియకుండా కట్టి ఇచ్చాడు. ఆమె వేళ్ళతో తడిమి ఏడ్చిందట. ఆ పగిలిన పూసే ఆమె మొగుడు దారానికి ఎక్కించింది. నాయన అది అప్పటికే చెత్తలో వేశాడు. ఆ రోజు నుంచీ పగిలిన పూసను పొట్లం కట్టి తస్బీతో పాటే మనిషి చేతికి ఇచ్చేవాడట. "ఇది తీసినా, ఇది వేసినా, చూసుకో తల్లీ" అని చెప్పి మరీ ఇచ్చేవాడట. ఎవరూ వద్దనుకున్న పొట్లాలే సముద్రానికి వెళ్ళేవి. "నువ్వు ఆయన ఎక్కించేది చూసినావు, చూపించేది చూడలేదు. బళ్ళో ఉండేదానివి ఆ వేళకి" అంది అమ్మ.

యాభై ఏళ్ళుగా నాయన పద్ధతి అనుకుంటూ సగమే మోశాను.

తర్వాత అందరం కలిసి అనుకున్నవి రాస్తున్నాను. చివరి వరస చూసి మడవకు.

నువ్వు రాజీనామా ఇవ్వకూడదు. వాళ్ళు పంపిస్తే రావాలి, పారిపోయి రాకూడదు. ఈ ఉత్తరం అందిన రోజే మేడం గారి దగ్గరకు వెళ్ళి చెప్పాలి. నేనూ మీ బావా శనివారం రైలుకు వస్తున్నాం. డబ్బా నా ఒళ్ళో ఉంటుంది. నేను చేసింది నేనే చెబుతాను. అయితే 17వ తేదీ నూరు నువ్వు వేసింది. అది నువ్వే చెప్పాలి, అదీ నేను రాకముందే.

మొదటి నాలుగు వారాల పొట్లాల్లో రెండు, మూడు, మూడు, నాలుగు ఉన్నాయి. మొత్తం పన్నెండు. మీ ల్యాబువి ముప్పై ఎనిమిది అన్నావు. వహీదా ఆ రెండంకెలూ చూసి, "నీడలో ఆరబెట్టింది మంచిదే గదా మరి" అంది. అయి ఉండవచ్చు. మధ్యలో కొత్తవి కలిశాయి కాబట్టి ఏ పూస ఎన్నాళ్ళది అని నేను ఒట్టేయలేను. అది కూడా చెబుతాను. నాయన పేరు ఉంచాలా తీసేయాలా అన్నది అంతా విన్నాక మేడం గారి ఇష్టం. నా పేరు తీయమని రాశాను కదా, తీయొద్దని అమ్మ అంది. తప్పు చేసిన చోట పేరు ఉండాలంది. ఉంచు.

పెంచలయ్య రెండు మళ్ళూ ఖాళీ చేసి, కడిగి, తొక్కి మళ్ళీ ఉప్పుకు సిద్ధం చేయడం మన పని. ఆయన అడగలేదు. వహీదా ఆదివారాలు వస్తానంది. నువ్వు వచ్చినప్పుడు నువ్వూ దిగాలి. ఈ మాట విన్నాక పెంచలయ్య టీ తీసుకున్నాడు. "తొక్కేది మీ తమ్ముడు గూడానా? అయితే నేను గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తా" అన్నాడు.

ఏడో తేదీన కొత్త సీసా మొదలుపెట్టాను. నిన్న దాని మొదటి వారం. అందరి ముందూ తెల్లగుడ్డ పరిచి లెక్కపెట్టాను. తొంభై ఏడు నిలిచాయి. మూడు పగిలాయి. ఇకమీదట దేన్నీ నింపకూడదనీ, తక్కువైన సీసాను తక్కువగానే, పొట్లంతో పాటు నీకు పంపాలనీ అనుకున్నాం. 14-4న తొంభై ఏడు అని నేనే రాశాను. మూత పెట్టబోతే చేయి ఆగిపోయింది. అమ్మ నా చేతిలోంచి సీసా తీసుకుని, మూత తనే బిగించింది.

అక్క ముంతాజ్.